గాడి మిషనుకి మోటారు

జూన్ 3

మా ఇంటి మహాతల్లికి,

నువ్వు మీ చెల్లెలింటికి క్షేమంగా చేరావని తోడల్లుడుగారు ఫోను చేశారు. చాలాసేపు మాట్లాడారు. నాకు మాత్రం "చేరింది" అన్న ముక్కొక్కటే వినపడింది. పొద్దస్తమానం రేకు మీద సుత్తి మోగే ఇంట్లో చెవులు మిగలవని నీకు తెలియంది కాదు. నువ్వు ఫోనులో అరవడం, ఆ అరుపుకి మీ చెల్లెలి వీధిలో కిటికీలన్నీ తెరుచుకోవడం ఎందుకులే అని ఉత్తరం రాస్తున్నాను. రాయడం నాకు అలవాటు తప్పింది. తప్పులుంటే నవ్వుకో, మీ చెల్లెలికి మాత్రం చూపించకు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. పాలు పొంగాయి, పొయ్యి కడిగాను, కడుగుతుంటే మళ్ళీ పెట్టిన పాలు మళ్ళీ పొంగాయి. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావో దొరకలేదు. పక్క కొట్టు టైలరు చూసి జాలిపడి కాస్త ఉప్పు ఇచ్చాడు. పెళ్ళాం ఊరెళ్ళిన మగాడి మీద లోకానికి ఎంత జాలో.

అసలు సంగతికి వస్తాను. రాకుండా తప్పించుకుందామనే ఇంతసేపూ పాల గురించి రాశాను.

ఆ రోజు డాక్టరమ్మ నీ భుజం కదిపి చూసి, ఏం పని చేస్తారమ్మా అని అడిగింది. అడిగింది నిన్ను. జవాబు చెప్పింది నేను. "పనేం లేదండి, ఇంట్లోనే ఉంటుంది" అన్నాను. అలాగైతే వయసుతో వచ్చిందే అయ్యుంటుందని మాత్రలు రాసింది. నువ్వు ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నావు. ఇంటికొచ్చే దారంతా నేను రేకుల ధర గురించి వాగుతూనే ఉన్నాను.

ఆవిడకి చెప్పాల్సింది ఇప్పుడు నీకు చెప్తున్నాను, నీకు తెలియనిదని కాదు. మేం ట్రంకు పెట్టెలు చేస్తామమ్మా అని చెప్పాల్సింది. మూత రేకు గట్టిగా ఉండాలంటే చుట్టూ గాడి పడాలి, ఆ గాడి వేసే మిషను చేత్తో తిప్పేది, ఒకరు రేకు పట్టుకుని నడిపిస్తే ఒకరు హ్యాండిలు తిప్పాలి, పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి ఇవాళ్టిదాకా ఆ హ్యాండిలు తిప్పింది ఈవిడేనని చెప్పాల్సింది. ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నోరు ఎందుకు రాలేదో నాకే తెలియదు. బయట బెంచీ మీద మనకి తెలిసినవాళ్ళు కూర్చున్నారు. పెళ్ళాం చేత మిషను తిప్పిస్తాడని అనుకుంటారనిపించింది కాబోలు. అనుకుంటే ఏం, తిప్పించింది నిజమే కదా. నాకు తల కొట్టేసినట్టుగా ఉంది.

అందుకని ఒకటి నిశ్చయించాను. మిషనుకి మోటారు పెడతాను. ఇక ఆ హ్యాండిలు నువ్వు ముట్టుకోనక్కర్లేదు.

ఉప్పు సంగతి రాయి.

ఇట్లు,
నోరు జారినవాడు


జూన్ 9

ఏమండీ,

ఉత్తరం అందింది. చెల్లెలికి చూపించొద్దన్నారు, కవరు చింపిందే అది. "బావగారి రాత కోడి కెలికినట్టుంది" అంది. మీ రాతని నేను తప్ప ఇంకొకరు అనడం నాకు నచ్చలేదు, కాబట్టి బాగానే ఉందన్నాను.

ఉప్పు డబ్బా పొయ్యి వెనకే ఉంది. మీరు ఎదురుగా ఉన్నదాన్ని తప్ప అన్నిటినీ వెతుకుతారు.

ఇక్కడ భుజానికి వ్యాయామం చేయించే అమ్మాయి మంచిదే కాని కఠినం. గోడ దగ్గర నిలబెట్టి, వేళ్ళతో గోడ మీద పాకమంటుంది. మొదట తలుపు గొళ్ళెం ఎత్తు దాకా పాకాను, ఇప్పుడు కాస్త పైకి వెళ్తున్నాను. పిల్లల ఆటలాగా ఉంటుంది, కళ్ళలో నీళ్ళు మాత్రం నిజంవే. మా మరిదిగారు పక్కన నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటారు. ఆయన సుఖంగా ఉన్న భుజాలతో అలా చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

డాక్టరు దగ్గర మాట గురించి మీరు అంత కుమిలిపోతారనుకోలేదు. అది మీరు కోపంతో అన్నారనుకున్నాను. అంతకు ముందు రోజే కదా హ్యాండిలు నా చేతిలోంచి జారిపోయి, రేకు వెనక్కి తన్ని మీ బొటనవేలు కోసుకుపోయింది. మీరు వేలు నోట్లో పెట్టుకుని, ఏం కాలేదు, తిప్పు అన్నారు. నాకు తిప్పడానికి చెయ్యి లేవలేదు. అలా వదిలేసినందుకు నాకెంత సిగ్గేసిందో చెప్పలేను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వదల్లేదు. అందుకని, దేనికీ పనికిరాదు అనే బదులు మీరు మర్యాదగా పనేం లేదు అన్నారనుకుని ఊరుకున్నాను.

మోటారు సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. భుజం నయమవుతుందనే అంటున్నారు. అప్పటిదాకా ఎవరినైనా పెట్టుకుని పని నడపండి. షావుకారు అడిగిన హాస్టలు పిల్లల పెట్టెలు కాలేజీలు తెరిచేలోపు ఇవ్వాలి కదా. ఎవరు కూర్చున్నా నా స్టూలు మీద ఆ పాత దిండు వెయ్యమనండి, లేకపోతే నడుం పట్టేస్తుంది.

వేలికి మందు రాస్తున్నారా? చీము పడితే నా మీద ఒట్టు, దాచకండి.

ఉంటాను,
నేను


జూన్ 16

మహాతల్లికి,

విజయం! మోటారు పెట్టేశాను. ఎలా పెట్టానో చెప్తాను, నవ్వకుండా చదువు. నవ్వినా నాకు వినపడదులే.

మొదట ఎవరో పారేసిన వాషింగు మిషను మోటారు తెచ్చి పళ్ళ చక్రాలు బిగించి, సైకిలు చైను వేశాను. మోటారు పెద్ద పని చేసేది కాబట్టి దానికి పెద్ద చక్రం, మిషనుకి చిన్న చక్రం పెట్టాను. మర్యాద అలాగే ఉండాలి కదా అనుకున్నాను. స్విచ్చి వేశాను. రేకు నా చేతిలో ఉన్నదల్లా వీధి దాటి ఎదురింటి గేటుకి తగిలి గంట కొట్టినట్టు మోగింది. నాకే వినపడిందంటే ఊహించుకో. టైలరు పరిగెత్తుకొచ్చాడు, కత్తెర చేతిలో ఉంచుకునే. ఎవరికీ ఏమీ కాలేదు, నా పరువు తప్ప.

తర్వాత షట్టర్ల మేస్త్రీ వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. చిన్నది మోటారుకి, పెద్దది మిషనుకి ఉండాలట, అప్పుడే నెమ్మదిగా, బలంగా తిరుగుతుందట. ఆ మోటారు కూడా తీసేయించి, షాపు షట్టరు ఎత్తే పాత మోటారొకటి తెచ్చి బిగించాడు. ఏనుగు నడిచినట్టు నడుస్తుంది. కాలితో నొక్కే స్విచ్చి పెట్టాడు. నీ స్టూలు ఉన్న చోటే మోటారు దిగింది, కొలిచి చేసినట్టు సరిపోయింది.

ఇక నీకు ఏ బాధా లేదు. ఈ పనికి మనిషితో అవసరమే లేకుండా పోయింది. మోటారు అలవదు, అలగదు, మధ్యలో చెయ్యి వదిలెయ్యదు. హ్యాండిలు ఊడదీసి పాత ఇనుప సామాన్లవాడికి వేసేశాను, నీ కంటికి కూడా కనపడకూడదని. నువ్వు తొందరపడి రాకు. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు చెల్లెలి దగ్గర హాయిగా ఉండు.

వేలు మానింది. ఉప్పు దొరికింది. పొయ్యి వెనకే ఉంది, నీ మీద కోపమొచ్చింది.

ఇట్లు,
ఫ్యాక్టరీ యజమాని


జూన్ 22

యజమానిగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందరం భోంచేస్తుండగా వచ్చింది. మోటారు అనగానే మా మరిదిగారు ఉత్సాహపడి, పైకి చదవమన్నారు. చెల్లెలు చదివింది. "మధ్యలో చెయ్యి వదిలెయ్యదు" దాకా వచ్చి ఆగి, నా వైపు చూసి, మిగతాది మనసులో చదువుకుంది. అందరూ పళ్ళాల వైపు చూశారు. నేను మంచినీళ్ళకని లేచి వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే ఉన్నాను. ఒకరింట్లో ఉండి ఇలా తలదించుకోవడం నాకు కొత్త.

మీరు రాసినదాంట్లో అబద్ధం లేదు. నేను వదిలేశాను, మోటారు వదలదు. ఒప్పుకుంటున్నాను. వేలు కోసుకుపోయిన మనిషి ఆ మాత్రం అనడా? మొదటి ఉత్తరం చదివి మీకు నా మీద కోపం లేదనుకున్నాను. నాది తెలివితక్కువతనం.

మోటారు బాగా నడుస్తున్నందుకు సంతోషం. స్టూలు కూడా పాత సామాన్లలోకే పోయిందా? పోతే పోయింది, దాని కాలు ఒకటి ఊగుతుంది.

ఇక్కడ వీధి చివర చంటిపిల్లల బడి ఉంది, తల్లులు పనికి వెళ్ళేటప్పుడు పిల్లల్ని దింపి వెళ్తారు. చూసుకోవడానికి ఒకావిడ కావాలన్నారు. బరువులు ఎత్తక్కర్లేదు, కూర్చోబెట్టి ఆడిస్తే చాలు. నేను వస్తానని చెప్పాను. చెల్లెలు వద్దంది, ఇంట్లోనే ఉండమంది. ఇంట్లోనే ఉండేదాన్ని అనిపించుకోవడం ఇక నావల్ల కాదన్నాను.

నా బట్టలు బీరువాలో కింది అరలో ఉన్నాయి. ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి. తొందరేం లేదు.

ఉంటాను.


జూలై 4

నీకు,

ఏమని పిలవాలో తెలియక ఊరికే నీకు అని రాశాను.

నీ ఉత్తరం చదివాక మేస్త్రీ పెట్టిన మోటారు మీద కూర్చుండిపోయాను. మోటారుని పొగిడాననుకున్నాను, నిన్ను పొడిచానని తెలియదు. నీ చెయ్యి జారిన రోజుని తలుచుకుని రాసిన మాట కాదది. నీ మీదొట్టు, నువ్వు రాసింది చదివి కూడా, ఆ మాట రాసేటప్పుడు ఆ రోజు నాకు గుర్తే రాలేదు. వేలు తెగిందని గుర్తుంది కాని, ఎందుకు తెగిందో ఆలోచించలేదు. ఇది ఇంకా పెద్ద సిగ్గని రాస్తుంటే తెలుస్తోంది. భుజం అంత నొప్పితో నువ్వు హ్యాండిలు వదిలేస్తే, నేను తలెత్తకుండా "తిప్పు" అన్నాను.

ఇక్కడి సంగతి దాచను. షావుకారు మూతలన్నీ వెనక్కి పంపాడు. తిన్నగా ఉన్నచోట గాడి దారం పట్టినట్టు వచ్చింది, నాలుగు మూలల్లోనూ పాము పాకినట్టుంది. మోటారు మూల వచ్చినా ఒకేలా లాగుతుంది. ఆపితే ఆపిన చోట మెలిక పడుతుంది. మేస్త్రీ చేత ఎంత నొక్కితే అంత తిరిగేలా కొత్త పెడలు పెట్టించాను. చూపంతా రేకు మీద ఉంచితే కాలు మాట వినడం లేదు, కాలి సంగతి చూస్తే రేకు మాట వినడం లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాను.

షావుకారు కొట్లో నలుగురి ముందు, ఏమయ్యా, నీ చెయ్యి పోయిందా అన్నాడు. ఇన్నేళ్ళు మన మూతల మూలల్ని చూసి ఆయన నా చెయ్యి మెచ్చుకుంటే నేను మీసం దువ్వుకుని ఇంటికొచ్చేవాణ్ణి. నీకు చెప్పేవాణ్ణి కూడా, "నా చెయ్యి" అనే చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం, "ఆ చెయ్యి నాది కాదండి, మా ఆవిడది" అన్నాను. అందరూ నవ్వారు. వేళాకోళం అనుకున్నారు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ నవ్వారు. నిజం చెప్పినా ఎవరూ నమ్మనంత కాలం నేను నోరు మూసుకుని కూర్చున్నానన్నమాట.

ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళి తుప్పు గుట్టలో వెతికి హ్యాండిలు తెచ్చుకున్నాను. చైను తప్పించి, మోటారుని పక్కకి జరిపి దాన్ని బిగించాను. మేస్త్రీని రేకు పట్టుకోమని, నేను నీ స్టూలు మీద కూర్చుని తిప్పాను. స్టూలు ఇంట్లోనే ఉంది, పారెయ్యలేదు. దిండు కూడా వేసుకున్నాను. అరపూట తిప్పానో లేదో భుజంలో మంట మొదలైంది. మర్నాడు చొక్కా తొడుక్కోలేక టైలర్ని పిలిచాను. నీకు సాయంత్రాలు జడ వేసుకోవడానికి ఎందుకంతసేపు పట్టేదో ఇప్పుడు తెలిసింది. ఆలస్యమవుతోందని కసురుకునేవాణ్ణి కూడా.

ఇంకొకటి. అక్కడ కూర్చుంటే గాడి కనపడదు. నిజం చెప్తున్నాను, ఎంత వంగినా కనపడదు. పై చక్రం, రేకు అడ్డొస్తాయి. మూల ఎప్పుడొస్తుందో తెలియదు. నేను ఎక్కడ నెమ్మదించాలో తెలియక ఒకేలా తిప్పాను, మేస్త్రీ మూతలు నా మూతలకంటే వంకరగా వచ్చాయి. మరి నువ్వు ఇన్నేళ్ళూ ప్రతి మూలకీ సరిగ్గా నెమ్మదించేదానివి. నేను ఎప్పుడూ చెప్పలేదు, నువ్వు ఎప్పుడూ అడగలేదు. ఎలా తెలిసేది నీకు?

బట్టలు పంపుతున్నాను. పంపకుండా ఉందామని రెండుసార్లు సర్ది రెండుసార్లు తీశాను. ఆపడానికి నాకు ఏ ముఖముంది? వంకర మూత ఉన్న పెట్టెలోనే పెట్టాను, అమ్ముడుపోనిది అదొక్కటే కాదు కాని, దానికి తాళం బాగా పడుతోంది. టైలరు బంధువు అటు వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను.

హాస్టలు పెట్టెలకి గడువు పొడిగించమని షావుకారుని బతిమాలాను. ఇది నువ్వు రావాలని రాయడం లేదు. అబద్ధమెందుకు, రావాలనే. కాని అడిగే హక్కు లేదు.

నీవాడు


జూలై 10

ఏమండీ,

పెట్టె వచ్చింది. బట్టలు తియ్యకముందే మూత మూలలు తడిమి చూశాను. చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. మా మరిదిగారు అది కొత్త డిజైను అనుకుని చాలా బాగుందన్నారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. నవ్వితే భుజం లాగుతుంది, అయినా నవ్వాను. తర్వాత మీ ఉత్తరం చదివాను. ఈసారి నేనే కవరు చింపాను, గదిలో కూర్చుని ఒక్కదాన్నే చదువుకున్నాను. చదువుతూ ఏడ్చాను, అది కూడా రాయాలి కదా.

జడ గురించి మీరు రాయకుండా ఉంటే బాగుండేది. నేను దాన్ని మర్చిపోయాను.

చెయ్యి ఇప్పుడు గోడ మీద నా తల దాకా పాకుతోంది. తలకంటే పైకి చెయ్యెత్తే పని ఇక పెట్టుకోవద్దంది వ్యాయామం అమ్మాయి. హ్యాండిలు మాట అడిగాను. అసలు ముట్టుకోకూడదంది. బల్ల ఎత్తులో చేతులు ఆనించి చేసే పని ఏదైనా చెయ్యొచ్చట. ఏం పని చేస్తారని ఆమె మొదటి రోజే అడిగింది. రేకు పెట్టెలు చేస్తానని చెప్పాను. మీ ముందు అనలేని మాట ఇక్కడ సులువుగా వచ్చింది. ఎందుకో నాకూ సిగ్గేసింది. ఆ రోజు డాక్టరు దగ్గర నా నోటికి మీరేమీ తాళం వెయ్యలేదు, నేనూ చెప్పి ఉండొచ్చు.

చంటిపిల్లల బడిలో నాలుగు రోజులు చేశాను. పిల్లలు ముద్దొస్తారు. కాని వాళ్ళు నిద్రపోయాక చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకటే దురద పెడతాయి. ఇంకొకావిణ్ణి చూసుకోమని ఇవాళ చెప్పేశాను.

ఎలా తెలిసేదని అడిగారు. అక్కణ్ణించి గాడి కనపడదని మీకు ఇన్నేళ్ళకి తెలిసింది, సంతోషం. నేను ఆ గాడిని పడుతుండగా ఒక్కసారి కూడా చూడలేదు. అక్కణ్ణించి కనపడేది మీ మొహం ఒక్కటే. మూల దగ్గరకొస్తుంటే మీ కింది పెదవి లోపలికి పోతుంది, అప్పుడు నెమ్మదిస్తాను. మూల తిరిగాక ముక్కుతో గాలి వదులుతారు, అప్పుడు మళ్ళీ జోరు పెంచుతాను. రేకు పలచగా ఉన్న రోజు కనుబొమలు కలుస్తాయి. షావుకారు మీద కోపంగా ఉన్న రోజు అన్నీ కలిసిపోయి, ఏది మూలో ఏది కోపమో తేల్చుకోవడం కష్టమయ్యేది. ఇంతే. ఇందులో విద్యేం లేదు, చూస్తూ కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. మీరు మాత్రం ఒక్కసారీ తలెత్తలేదు. కళ్ళు రేకు మీద ఉండాలి కదా అని నాకు నేనే సర్ది చెప్పుకునేదాన్ని. కొన్ని రోజులు సర్దుకునేది, కొన్ని రోజులు సర్దుకునేది కాదు.

పధ్నాలుగున పొద్దుటి బండికి వస్తున్నాను. పెట్టె ఇక్కడే చెల్లెలికి ఇచ్చేస్తున్నాను, మరిదిగారు అడిగారు.

మోటారు తియ్యకండి, చైను మళ్ళీ తగిలించండి. హ్యాండిలు ఎక్కణ్ణించి తెచ్చారో అక్కడే పడెయ్యండి. నా స్టూలు పెడలు ముందు, రేకు పట్టే మనిషికి ఎదురుగా వెయ్యండి. ఇక నుంచి రేకు నేను పట్టుకుంటాను, పెడలు మీరు నొక్కండి. అక్కడ కూర్చుంటే గాడి కనపడదు, నా మొహమే కనపడుతుంది. చూడడం మీకు అలవాటు లేదు కదా, మొదట్లో కొన్ని రేకులు పాడవుతాయి. ఫరవాలేదు, నేర్చుకుందురుగాని.

నేను